బైపాస్ ఆపరేషన్ తర్వాత షెడ్డు మళ్ళీ తెరిచే మెకానిక్ స్పెషల్ టూల్స్‌ను ఏ వరుసలో సమకూర్చుకోవాలి?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీరు ఖమ్మం దగ్గర ఇరవై ఏళ్ళకు పైగా మోటారు సైకిల్ మెకానిక్‌గా పనిచేశారు. గుండెకు బైపాస్ ఆపరేషన్ జరిగినప్పుడు ఆ ఖర్చులకూ, ఆ తర్వాత నెలల తరబడి ఇల్లు గడవడానికీ పుల్లర్లు (బిగుసుకున్న భాగాలను లాగి విప్పేవి), హోల్డర్లు (తిరిగే భాగాలను కదలకుండా పట్టేవి), వాల్వు పనిముట్లు, కొలత సాధనాలు అన్నీ అమ్ముకోవలసి వచ్చింది. మామూలు పానాల పెట్టె ఒక్కటే మిగిలింది. ఆపరేషన్ జరిగి ఎనిమిది నెలలయింది, పని మొదలుపెట్టవచ్చని డాక్టరు గారు చెప్పారు, చేతిలో 40,000 రూపాయలున్నాయి. అమ్మినవన్నీ తిరిగి కొనాలా, కొంటే ఏది ముందు కొనాలి, బుల్లెట్ పనికి కావలసిన సరంజామా మళ్ళీ సమకూర్చుకోవడం దండగా కాదా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. పాత జాబితా చేతిలో పెట్టుకుని కొనవద్దు. ఆ పెట్టె ఇరవై ఏళ్ళలో, అప్పటి బండ్లకు, అప్పటి మీ ఒంటి బలానికి తగినట్టుగా నిండింది. ఇప్పుడు బండ్లూ మారాయి, ఒళ్ళూ మారింది. మీరు ఊపిరి బిగబట్టకుండా పని జరిగేలా చూసే సాధనాలు మొదట కొనండి. వాటి తర్వాత స్కూటర్ పనికి కావలసినవి, ఆ తర్వాత మీ వీధిలో ఎక్కువగా తిరిగే రెండు మూడు రకాల బండ్ల పుల్లర్లు, హోల్డర్లు కొనండి. ఇంజిన్ మొత్తం విప్పే పనిముట్లు, బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) కొలిచే సాధనాలు, బండి ఎలక్ట్రానిక్ లోపాలు చదివే స్కానర్ ఇప్పుడే కొనవద్దు. బుల్లెట్ సంగతి వేరుగా ఉంది, దాన్ని చివర్లో చెబుతాను.

నేను విజయవాడ ఆటోనగర్ పరిసరాల్లో ఈ పనిలోనే పెరిగిన వాణ్ణి. నాకు వచ్చింది గుండె జబ్బు కాదు, పక్షవాతం. నేనూ పనిముట్లు అమ్ముకుని, కుడి చేతి పట్టు సగానికి పడిపోయిన స్థితిలో మళ్ళీ షెడ్డులోకి వచ్చాను. మా వరుసలోనే బైపాస్ చేయించుకుని తిరిగి పనిలోకి వచ్చిన మరో మేస్త్రీ కూడా ఉన్నారు. కింద రాసేదంతా మా ఇద్దరి అనుభవంలో నిలబడిన సంగతులే. వైద్యం విషయంలో మాత్రం మీ డాక్టరు గారి మాటే చివరి మాట.

ఊపిరి బిగబట్టడం గురించి ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, తుప్పు పట్టిన నట్టును లాగేటప్పుడు మనకు తెలియకుండానే గాలి పీల్చి, పొట్ట బిగించి, ఊపిరి ఆపి లాగుతాం. ఆ క్షణంలో రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. ఆపరేషన్‌లో కోసిన ఛాతీ ఎముక సాధారణంగా రెండు మూడు నెలల్లో అతుక్కుంటుంది కాబట్టి ఎనిమిది నెలల తర్వాత ఎముక గురించిన భయం తక్కువే. ఈ బిగబట్టే అలవాటు మాత్రం అలాగే మిగిలి ఉంటుంది. అందుకే డాక్టరు గారిని "పని చేసుకోవచ్చా" అని మాత్రమే అడిగితే సరిపోదు. మన పని ఎలాంటిదో వారికి తెలియకపోవచ్చు. "ఒంటి చేత్తో ఇన్ని కిలోల బలం పెట్టి లాగవచ్చా, ఇన్ని కిలోల బండిని తోయవచ్చా, గొంతుక్కూర్చుని గంటసేపు పని చేయవచ్చా" అని లెక్కలతో అడగండి. అవసరమనిపిస్తే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించి మరీ చెబుతారు.

లెక్క కష్టమేమీ కాదు. ఒక నట్టు 60 న్యూటన్ మీటర్ల (బిగింపును కొలిచే ప్రమాణం) బిగింపుతో ఉందనుకుందాం. 15 సెంటీమీటర్ల పొడవున్న పానాతో దాన్ని కదిలించాలంటే పానా చివర దాదాపు 40 కిలోల బరువు వేలాడదీసినంత బలం కావాలి. అదే నట్టును 45 సెంటీమీటర్ల పిడితో తిప్పితే 14 కిలోలకు లోపే సరిపోతుంది. తుప్పు పట్టి ఉంటే రెండు లెక్కలూ పెరుగుతాయి గానీ తేడా మాత్రం అంతే ఉంటుంది. కాబట్టి మీరు కొనవలసిన మొదటి సాధనం స్పెషల్ టూల్ అనే పేరు కూడా లేని ఒక పొడవాటి అర అంగుళం బ్రేకర్ బార్, అంటే సాకెట్టు తగిలించి తిప్పే పొడవు పిడి. చాలామంది రింగు పానాకు పైపు తొడిగి లాగుతారు. పైపు జారితే మనిషి వెనక్కి పడతాడు, ఆ కుదుపు ఛాతీకి మంచిది కాదు. అందువల్ల పైపు పద్ధతిని మీరు పూర్తిగా మానేయండి.

రెండవది బ్యాటరీతో నడిచే ఇంపాక్ట్ రెంచి. నేను తిరిగి పని చేయగలిగానంటే అందులో ఈ ఒక్క సాధనానిదే పెద్ద వాటా. ఇది నట్టును చిన్న చిన్న దెబ్బలతో వదులు చేస్తుంది కాబట్టి మన చేతి మీద పెద్దగా ఒత్తిడి పడదు, చాలాసార్లు మాగ్నెట్‌నో (ఇంజిన్ పక్కన తిరిగే అయస్కాంత చక్రం) క్లచ్‌నో బలంగా ఆపి పట్టుకోవలసిన అవసరం కూడా తగ్గుతుంది. అయితే మూడు జాగ్రత్తలు ఉన్నాయి. దీన్ని విప్పడానికే వాడాలి, బిగించడానికి వాడకూడదు. అల్యూమినియం కేసింగ్‌లో ఉన్న మరలను ఇది క్షణంలో పాడు చేస్తుంది. దీనికి నల్లగా ఉండే ఇంపాక్ట్ సాకెట్లే వాడాలి, మెరిసే మామూలు క్రోమ్ సాకెట్లు ఈ దెబ్బలకు పగిలి ముక్కలు ఎగిరే ప్రమాదం ఉంది. కొనేముందు చేతిలో పట్టుకుని బరువు చూసుకోండి. మోటారు సైకిల్ పనికి లారీ చక్రాలు విప్పేంత పెద్ద మిషను అక్కర్లేదు. చిన్నది, తేలికైనది మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఇక కూర్చునే ఎత్తు. మన షెడ్లలో తొంభై పాళ్ళ పని నేల మీద గొంతుక్కూర్చునే జరుగుతుంది. బైపాస్‌కు చాలామందికి కాలి నుంచి రక్తనాళం తీసి వాడతారు, ఆ కాలికి ఎక్కువసేపు మడిచి కూర్చుంటే వాపు వస్తుంది. పైగా రక్తపోటు మందులు వాడేవారు గొంతుక్కూర్చున్న చోటి నుంచి గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి. అందువల్ల బండిని పైకి తెచ్చి, మనం స్టూలు మీద కూర్చుని పని చేసే ఏర్పాటు కావాలి. దీన్ని సౌకర్యం కిందో విలాసం కిందో లెక్కవేయకండి. మీ విషయంలో పుల్లర్ల కంటే ముందు కావలసిన పనిముట్టు ఇదే.

హైడ్రాలిక్ లిఫ్టు మీ డబ్బుకు భారమవుతుంది. సొంత స్థలమైతే ఇటుకలతో దిమ్మె కట్టించండి, అద్దె షెడ్డయితే యాంగ్లర్, గళ్ళ రేకుతో వెల్డింగు చేయించండి, ఖాళీ చేసేటప్పుడు తీసుకుపోవచ్చు. ఎత్తు విషయంలో మాత్రం ఆశపడవద్దు. 60 సెంటీమీటర్ల ఎత్తు దిమ్మె మీదకు 2.4 మీటర్ల వాలు బల్ల వేసి 112 కిలోల స్ప్లెండర్‌ను ఎక్కించాలంటే దాదాపు 28 కిలోల బలంతో తోయాలి, 195 కిలోల రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 అయితే 49 కిలోలు అవుతుంది. అదే 45 సెంటీమీటర్ల ఎత్తయితే 21 కిలోలు, 37 కిలోలు. ఈ చివరి ఎత్తుకు పొట్టి స్టూలు సరిగ్గా సరిపోతుంది. ఏదైనా సరే, బండిని ఎక్కించే పని మీది కాదు, దానికి ఒక కుర్రాడు ఉండాలి. సెంటర్ స్టాండు వేసే పని కూడా అతనికే అప్పగించండి.

ఇప్పుడు చాలామంది మేస్త్రీలకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. టార్క్ రెంచి, అంటే ఎంత బిగిస్తున్నామో కొలిచి చెప్పే రెంచి, కొనండి. ఇన్నేళ్ళూ చేతి అందాజుతోనే బిగించాం, ఒక్క బోల్టు కూడా వదులు కాలేదు, నిజమే. అయితే ఆ అందాజు ఉండేది కండరంలో. నెలల తరబడి పని లేక కండరం తగ్గిన తర్వాత అదే "చాలు" అనే భావన వేరే బిగింపు దగ్గర కలుగుతుంది. పక్షవాతం తర్వాత నా కుడి చేతికి గట్టిగా అనిపించిన బిగింపు నిజానికి చాలా తక్కువగా ఉండేది, ఎడమ చేత్తో చేస్తే అవసరానికి మించి పోయేది. రెంచితో పోల్చి చూసుకున్నాకే ఆ తేడా తెలిసింది. మీకు చేతుల జబ్బు లేకపోయినా ఎనిమిది నెలల విరామం తక్కువేమీ కాదు. కంపెనీ సర్వీసు పుస్తకంలో ప్రత్యేకంగా వేరే అంకె ఇవ్వనప్పుడు మామూలు 6 మి.మీ. బోల్టుకు సుమారు 10 న్యూటన్ మీటర్లు, 8 మి.మీ. బోల్టుకు సుమారు 22, 10 మి.మీ. బోల్టుకు సుమారు 34 అని గుర్తు పెట్టుకోండి. రెండు రెంచులు కొనగలిగితే 5 నుంచి 25 వరకు కొలిచేది ఒకటి, 20 నుంచి 100 వరకు కొలిచేది ఒకటి ఉండాలి. ఒక్కటే కొనగలిగితే చిన్నది కొనండి, ఎందుకంటే పాడయ్యేవి ఎక్కువగా చిన్న బోల్టుల మరలే.

దాన్ని వాడే పద్ధతి కూడా చెబుతాను. టార్క్ రెంచితో నట్లు విప్పకూడదు. పని అయ్యాక అంకెను అతి తక్కువ గుర్తుకు తిప్పి పెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగు అలసిపోతుంది. పెద్ద రెంచి నమ్మకంగా ఉందో లేదో మీరే పరీక్షించవచ్చు. చదరపు కొసను వైస్‌లో బిగించి, పిడి నేలకు సమాంతరంగా ఉండేలా చూసి, వైస్‌లో బిగించిన కొస మధ్య నుంచి సరిగ్గా 30 సెంటీమీటర్ల దూరంలో మొత్తం 10 కిలోలు తూగే నీళ్ళ బకెట్టు వేలాడదీయండి. అది దాదాపు 29 న్యూటన్ మీటర్లు. రెంచి సొంత బరువు వల్ల లెక్క కొద్దిగా పైకి పోతుంది. 30 దగ్గర పెట్టినప్పుడు ఆ చుట్టుపక్కలే టక్కుమనాలి. 25 దగ్గరే పెట్టినా, ఆ బకెట్టు బరువుకు అసలు టక్కుమనని రెంచిని కొనవద్దు.

ఈ నాలుగూ సమకూరాక అసలు స్పెషల్ టూల్స్ సంగతికి వద్దాం. ఏ బండ్లు చేయాలన్న నిర్ణయం ముందు జరగాలి. నా గట్టి సలహా గేర్లు లేని స్కూటర్లతో మొదలుపెట్టమని. మా వరుసలో బైపాస్ అయిన మేస్త్రీ ఇప్పటికీ ఎక్కువగా ఇవే చేస్తున్నారు. బెల్టు, వేరియేటర్ (గేర్ల బదులు వేగాన్ని బట్టి బెల్టును సర్దే భాగం) రోలర్లు, క్లచ్ షూలు, ఇవన్నీ బండి పక్కన స్టూలు మీద కూర్చుని విప్పి, బల్ల మీద పెట్టుకుని చేసే పని. ఇంజిన్ దించాల్సిన అవసరం రాదు. పని త్వరగా తిరుగుతుంది, రోజూ చేతికి డబ్బు వస్తుంది.

దీనికి ముఖ్యంగా రెండు సాధనాలు కావాలి. వేరియేటర్‌నూ క్లచ్ గిన్నెనూ కదలకుండా పట్టుకునే హోల్డరు ఒకటి. వెనక క్లచ్ స్ప్రింగును అదిమి పట్టే కంప్రెసర్ రెండవది. రెండవదాన్ని తేలిగ్గా తీసుకోకండి. చాలా షెడ్లలో ఒకరు మోకాలితోనో ఛాతీతోనో అదిమి పడితే ఇంకొకరు పెద్ద నట్టు విప్పుతారు. ఛాతీ కోసి కుట్టిన మనిషి ఆ పని చేయనే కూడదు. పట్టు జారితే స్ప్రింగు ముఖానికి తగులుతుంది. మర బోల్టుతో నెమ్మదిగా అదిమే కంప్రెసరు ఉంటే ఒక్కరే కూర్చుని, ఏ బలమూ పెట్టకుండా చేయవచ్చు.

స్కూటర్లతో పాటు మీ వీధిలో ఎక్కువ కనిపించే వంద, నూట పాతిక సీసీ బండ్లు రెండు రకాలు ఎంచుకోండి. వాటికి మాగ్నెట్ పుల్లర్, క్లచ్ సెంటర్ నట్టు సాకెట్టు, క్లచ్ హోల్డరు, ట్యాపెట్ కీ, ఫీలర్ గేజ్, స్టీరింగ్ కోను నట్టు పానా ఉంటే రోజువారీ పనిలో చాలా భాగం సాగిపోతుంది. జపాన్ పద్ధతి బండ్లలో కార్బురేటర్, మాగ్నెట్ కవర్ల మీద ఉండే ప్లస్ స్క్రూలకు మామూలు స్టార్ స్క్రూ డ్రైవరు సరిగ్గా కూర్చోదు, తల చెరిగిపోతుంది. జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం స్క్రూ డ్రైవర్లు ఒక జత కొంటే సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవరు అవసరం సగం తగ్గుతుంది. సుత్తి దెబ్బలు ఎంత తగ్గితే మీకు అంత మంచిది.

మిగిలిన వాటికి ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ పని ఏ సాధనం లేక వెనక్కి పంపారో, ఏది పక్క షెడ్డులో అరువు తెచ్చారో ఏ రోజుకారోజు రాయండి. ఒకసారి మాత్రమే అరువు తెచ్చినదాన్ని కొనవద్దు. రెండోసారి కూడా దాని పేరే రాయవలసి వచ్చిందంటే అది మీ పెట్టెలో ఉండవలసిన వస్తువు. నా రెండో పెట్టె ఇలాగే నిండింది. మొదటి పెట్టెలో ఉన్నవాటిలో చాలా వాటి అవసరం మళ్ళీ రాలేదు.

పుల్లర్ల విషయంలో పొదుపు ఎక్కడ చేయాలో, ఎక్కడ చేయకూడదో విడిగా చెప్పాలి. మాగ్నెట్ పుల్లర్ మర ఒక్కో కంపెనీ బండికి ఒక్కో వ్యాసం, ఒక్కో పిచ్ ఉంటుంది, కొన్నింటికి ఎడమ మర కూడా ఉంటుంది. "దాదాపు సరిపోతుంది" అనే పుల్లర్ మాగ్నెట్ మరను తినేస్తుంది, ఆ మాగ్నెట్ ఖరీదు మీ మీద పడుతుంది. మూడు కాళ్ళ పుల్లర్‌తో అంచు పట్టి లాగడం అసలు వద్దు. సరైన పుల్లర్‌ను పూర్తిగా లోపలికి ఎక్కించి, మధ్య బోల్టును బిగించి, ఇంకా బలం పెట్టకుండా ఆ బోల్టు తల మీద సుత్తితో ఒక చిన్న దెబ్బ వేస్తే టేపర్ (కోను ఆకారపు బిగింపు) వదిలేస్తుంది. ఈ పద్ధతి బలం తక్కువున్న వారికి మరీ ఉపయోగం. మీకు బైపాస్‌తో పాటు పేస్‌మేకర్ కూడా పెట్టి ఉంటే మాత్రం, మాగ్నెట్‌కూ నడుస్తున్న ఇంజిన్ ఇగ్నిషన్ కాయిల్‌కూ ఎంత దూరం పాటించాలో డాక్టరు గారిని అడిగి తెలుసుకునే వరకు ఈ పనులు ముట్టుకోకండి.

చాలా స్పెషల్ టూల్స్ కొనాల్సిన పనే లేదు. పాత క్లచ్ ఉక్కు ప్లేటు ఒకదానికి పొడవాటి ఇనుప పట్టీ వెల్డింగు చేయిస్తే క్లచ్ హోల్డరు తయారవుతుంది. ఫోర్కు ఆయిల్ సీలు దించడానికి సరైన వ్యాసమున్న గట్టి పీవీసీ పైపు ముక్క చాలు. పిస్టన్ పిన్ను లాగడానికి పొడవాటి బోల్టు, ఒక పైపు ముక్క, రెండు వాషర్లు చాలు. క్లచ్ సెంటర్ నట్టుకు వాడే నాలుగు పళ్ళ సాకెట్టును మందపు పైపు ముక్కకు పళ్ళు కోయించి చేయించవచ్చు. పుల్లర్ చేయించాలనుకుంటే లేతు మేస్త్రీకి కొలత నోటితో చెప్పకండి, పాడైన మాగ్నెట్ ఒకటి తీసుకువెళ్ళి దాని మరకు సరిపోయేలా కోయమని అడగండి. మెత్తటి ఇనుముతో వద్దు, కనీసం ఈఎన్8 అనే గట్టి రకం ఉక్కు కావాలి, మధ్య బోల్టు మాత్రం గట్టిదనం పెట్టించినదై ఉండాలి. లేకపోతే నాలుగు మాగ్నెట్లు లాగేసరికి మర పరుచుకుపోతుంది.

డబ్బు తక్కువగా ఉన్నప్పుడు చాలామందికి తట్టని ఒక సాధనం ఉంది, అది హెలికాయిల్ కిట్, అంటే మర పోయిన రంధ్రంలో తీగచుట్ట బిగించి కొత్త మర తెచ్చే సెట్టు. ఆయిల్ డ్రైన్ బోల్టు మర పోయినవి, స్పార్క్ ప్లగ్ మర పోయినవి, 6 మి.మీ. కవరు బోల్టు రంధ్రాలు చెడినవి ప్రతి షెడ్డుకూ వస్తూనే ఉంటాయి. చాలామంది వాటిని పైసైజు బోల్టు వేసి పంపిస్తారు. మీరు 6, 8 మి.మీ. సెట్లతో పాటు ప్లగ్ మరల సెట్టు పెట్టుకుంటే పక్క షెడ్ల వాళ్ళే పని తెచ్చి ఇస్తారు. ఇది బలంతో జరిగే పని కాదు, ఓపికతో, నిటారుగా చెయ్యి నిలిపి చేసే పని. మీ ఇరవై ఏళ్ళ అనుభవమున్న చెయ్యికి దీంట్లోనే విలువ.

ఎలక్ట్రికల్ వైపు ఒక మంచి డిజిటల్ మల్టీమీటరు తప్పనిసరి. ఇంజిన్ వేగం పెంచినప్పుడు బ్యాటరీ దగ్గర 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య వస్తోందా, స్టేటర్ కాయిల్ నిరోధం సరిగ్గా ఉందా, సెన్సార్‌కు వోల్టేజీ అందుతోందా అన్నవి దానితోనే తేలిపోతాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 పొగ నిబంధనలు అమల్లోకి వచ్చాక కార్బురేటర్ బండ్ల స్థానంలో దాదాపు అన్నీ ఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బండ్లే వస్తున్నాయి కాబట్టి స్కానర్ లేకుండా ఎలా అని మీరు కంగారు పడటం సహజమే. అయినా ఇప్పుడే వద్దంటున్నాను. అది ఒక్కటే మీ డబ్బులో పెద్ద భాగం తినేస్తుంది. కొన్ని ఎఫ్ఐ బండ్లలో మీటరులోని హెచ్చరిక దీపం మెరుపుల లెక్కతోనే లోపం కోడు చెబుతుంది. మా దగ్గర మూడు షెడ్లు కలిసి ఒక స్కానర్ కొన్నాయి, ఎవరికి పని వస్తే వారు తీసుకువెళ్తారు. మీ దగ్గర కూడా అలా కుదిరేలా చూడండి. అది లేకపోయినా పెట్రోలు ఒత్తిడి గేజ్ ఒకటి ఉంటే చాలా బండ్లలో పంపు సమస్యో, ఇంజెక్టర్ సమస్యో విడదీసి చెప్పగలరు. చాలా హోండా ఎఫ్ఐ బండ్లలో ఆ ఒత్తిడి దాదాపు 294 కిలో పాస్కల్స్, అంటే 3 బార్ దగ్గర ఉండాలి.

బోరు గేజ్, మైక్రోమీటర్లు, క్రాంక్ కేసు విడదీసే సాధనం, కాన్ రాడ్ ప్రెస్సు పని, వీటికి ఒక్క రూపాయి కూడా పెట్టకండి. బోరింగు షాపులో అవన్నీ ఉన్నాయి, వాళ్ళ చెయ్యి రోజూ వాటి మీదే ఉంటుంది. మీరు రోగం కనిపెట్టి, హెడ్డు వరకు విప్పి, మిగిలింది వాళ్ళకు అప్పగించి, వచ్చాక బిగించి ఇస్తే మీ కమీషన్ మీకు ఉంటుంది. ఒక వెర్నియర్ కాలిపర్ మాత్రం పెట్టె నుంచి ఎప్పుడూ బయటికి పోకూడదు.

కొనే చోటు గురించి. హైదరాబాద్ వైపు వెళ్ళగలిగితే సికింద్రాబాద్ రాణీగంజ్‌లో హార్డ్‌వేరు, మిషనరీ పనిముట్ల దుకాణాలు వరుసగా ఉంటాయి. విజయవాడ ఆటోనగర్ మీకు ఇంకా దగ్గర. పంజాబ్‌లోని జలంధర్, లూధియానాల్లో తయారయ్యే చేతి పనిముట్లు అన్ని ధరల్లోనూ దొరుకుతాయి. రోజూ పట్టుకునే పానాలు, సాకెట్లు క్రోమ్ వెనేడియం ఉక్కువి మంచి కంపెనీవి కొనండి, నెలకొకసారి వాడే పుల్లర్ సాదాదైనా పరవాలేదు. ఎర్రగడ్డ ఆదివారం సంత లాంటి చోట్ల పాతవి కొనవచ్చు గానీ రింగు నోరు సాగిందా, సాకెట్టు గోడ మీద సన్నని పగులుందా, క్రోమ్ పొర లేచిందా అని వెలుతురులో చూసుకోండి. క్రోమ్ పొర లేచిన పానాను మీరు అసలు తీసుకోవద్దు. రక్తం పలచబడే మందులు వాడుతున్న మనకు చిన్న కోత కూడా ఎక్కువసేపు కారుతుంది. ఇదే కారణంతో పలచటి నైట్రైల్ గ్లవ్స్ పెట్టె ఒకటి షెడ్డులో ఎప్పుడూ ఉండాలి.

దుకాణానికి వెళ్ళే ముందు, మీ పనిముట్లు ఎవరికి అమ్మారో వారిని కలవండి. వాటిలో కొన్ని కొన్నవాళ్ళ దగ్గర వాడకం లేక పడి ఉండవచ్చు. తిరిగి అడగడంలో నామోషీ ఏమీ లేదు. మొహమాటం వల్ల నేను కలవని ఒక కొనుగోలుదారు తర్వాత తానే వచ్చి నా వాల్వు కంప్రెసరు సగం ధరకు ఇచ్చారు.

డబ్బు లెక్క ఇలా వేయండి. 40,000లో కనీసం 10,000 అసలు ముట్టకండి, అవి మందులకూ, పని రాని వారాలకూ. మిగిలిన 30,000లో దిమ్మె, స్టూలు, బ్రేకర్ బార్, ఇంపాక్ట్ రెంచి, టార్క్ రెంచి, మల్టీమీటరు ముందు రావాలి. మిగిలినదానితో స్కూటర్ సాధనాలు, రెండు రకాల బండ్ల పుల్లర్లు కొనాలి. ఇంకా కావాలంటే బ్యాంకులో ముద్ర రుణం అడగవచ్చు, శిశు విభాగంలో 50,000 రూపాయల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. పనిముట్లకు 15,000 ఇచ్చే పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో మోటారు సైకిల్ మెకానిక్ వృత్తి లేదు కాబట్టి, దాని పేరు చెప్పి ఎవరైనా దరఖాస్తుకు డబ్బు అడిగితే ఇవ్వకండి. రుణం తీసుకునే పనైతే మూడు నాలుగు నెలలు పని చేసి, నెలకు ఎంత మిగులుతోందో చూసుకున్న తర్వాతే తీసుకోండి.

షెడ్డు గురించి ఒక్క మాట. మూసిన గదిలో ఇంజిన్ నడపకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది, గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవారికి అది మిగతావారికంటే ఎక్కువ ప్రమాదం. స్టార్ట్ చేసి చూసే పనులన్నీ బయట, గాలి తగిలే చోట జరగాలి.

ఇక బుల్లెట్. మీరు రాసినదాన్ని బట్టి గేర్ బాక్సు విడిగా ఉండే పాత కాస్ట్ ఐరన్ ఇంజిన్ బండ్లలో మీకు పేరుంది. 2008 తర్వాత వచ్చిన యూసీఈ (ఇంజిన్, గేర్ బాక్సు ఒకే కేసులో ఉండే) ఇంజిన్లలో హైడ్రాలిక్ ట్యాపెట్లు వచ్చాయి, 2020 నుంచి జే సిరీస్ ఇంజిన్లు వచ్చాయి. వాటి కోసం పాత సరంజామా పనికిరాదు, ఆ బండ్ల యజమానులు ఎక్కువగా కంపెనీ సర్వీసుకే పోతారు. కొత్త బుల్లెట్ల కోసం ప్రత్యేకంగా ఏమీ కొనకండి. పాత ఇంజిన్ల సంగతి అలా కాదు. పుష్ రాడ్ ట్యాపెట్లు సర్దడం, కాంటాక్ట్ పాయింట్ల గ్యాపు పెట్టడం, టైమింగు చెవితో విని చెప్పడం తెలిసిన వాళ్ళు తగ్గిపోతున్నారు. 1985 నుంచి 1996 వరకు వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 కూడా ఇదే కోవలోది. ఈ బండ్లు ఉంచుకున్నవాళ్ళు అవసరం కోసం కాక ఇష్టంతో ఉంచుకున్నవాళ్ళు, మంచి మేస్త్రీ కోసం వారాలు ఆగుతారు, కూలి దగ్గర బేరమాడరు. కాబట్టి పాత బుల్లెట్ పనికి వాడే క్లచ్ ఎక్స్‌ట్రాక్టరు (క్లచ్‌ను లాగి తీసేది), స్ప్రాకెట్ సాకెట్టు దండగ కాదు. అయితే వాటిని మీ 40,000లోంచి కొనకండి. మీ పాత ఖాతాదారులకు ఫోన్ చేసి షెడ్డు తెరిచానని చెప్పండి. మొదటి పాత బుల్లెట్ పని ఒప్పుకున్నప్పుడు ఆ పనికి కావలసిన ఒక్క సాధనానికి సరిపడా అడ్వాన్సు తీసుకుని, దాన్నే కొనండి. తర్వాతి బండికి తర్వాతి సాధనం. ఆ 160 కిలోలు దాటిన బండిని దిమ్మె ఎక్కించడానికి మాత్రం ఇద్దరు మనుషులు ఉన్న రోజే పని పెట్టుకోండి.